ఇతరములు ఆరొందలు

లెంక పోలినాయుడు కొటేషన్ రాసిచ్చింది
ఒక శుభలేఖ వెనకాల.
ముందువైపు ఎవరో వధువు, ఎవరో వరుడు,
కొత్తవలసలో విందు.
వెనకవైపు, తడి వేలిముద్రల మధ్య,
ముప్పావు పైపు పదడుగులు,
ఎల్బోలు ఏడు, టీలు రెండు,
నాణీ ట్రాప్ ఒకటి, గమ్ము డబ్బా, సిమెంటు:
సామాను పంతొమ్మిదొందలు.
మేస్త్రీ, కుర్రోడు, రెండ్రోజులు:
మూడువేల ఆరొందలు.
ఇతరములు ఆరొందలు.
వెరసి ఆరువేల నూరు.

జిల్లా కోర్టులో నకళ్ల సెక్షను నాది.
ఇరవై రెండేళ్లుగా తీర్పులు టైపు కొడుతున్నాను.
సదరు గోడ, సదరు తూము, సదరు హద్దు...
పేజీకింత చొప్పున న్యాయం
నా వేళ్ల కిందనుంచే పోతుంది.
ఈ శుభలేఖని మాత్రం
రెండు రాత్రులు దిండు కింద పెట్టుకు పడుకున్నా
ఎటూ తేల్చలేకపోయాను.

దాసన్నపేటలో ఆ కింది వాటా అద్దె
మూడువేల ఎనిమిదొందలు.
అంటే నెలన్నరకి పైగా
ఆ ఇంట్లో పైపే కాపురమున్నట్టు,
అదీ అద్దె కట్టకుండా.

గంటస్తంభం దగ్గర హార్డ్‌వేరు కొట్లో
అడగనట్టు అడిగాను.
ఎల్బో ఎంత? మంచి కంపెనీదేనా? ఏడయితే?
కొట్టువాడు కాలిక్యులేటర్ నావైపు తిప్పాడు,
పద్నాలుగొందల అరవై.
నాలుగొందల నలభై తేడా!
దొరికిపోయాడనుకుని
బజార్లో నడుస్తూ నవ్వుకున్నాను కూడా.
ఇంటికొచ్చాక తట్టింది,
ఆ పదడుగుల పైపుని సైకిలు మీద, ఈ ఎండలో,
ఎవరు మోసుకొస్తారో
కొట్లో అడగలేదని.

కంటోన్మెంటు నుంచి ఇంకో మేస్త్రీ
ఫోన్లోనే రెండున్నర వేలన్నాడు.
గోడ చూడలేదు, చెమ్మ చూడలేదు,
నా గొంతు చూసి చెప్పేశాడు.
ఆ నెంబరిచ్చిన మా ఆడపడుచు అంది కదా,
"బేరమాడకపోతే
మనం ఇంటివాళ్లమని ఎవరు నమ్ముతారు?"

పోలినాయుణ్ణి పిలిచి కాగితం ముందు పెట్టాను.
ఈ ఇతరములేమిటి?
"గోడలో ఏటుందో గోడకే తెల్దమ్మా.
కొట్టకముందే సెప్పమంటే నానెలగ సెప్పేది?
అదే ఇతరాలు."
ఆరొందల్ని నాలుగొందలు చేసి,
గెలిచిన మొహం పెట్టుకుని, కొట్టమన్నాను.

మూడో దెబ్బకి పెచ్చూడింది.
లోపల, నాచు పట్టి,
పైపు నడుముకి చుట్టిన సైకిలు ట్యూబు ముక్క.
దాని మీద నైలాను తాడు, నాలుగు ముళ్లు.
ఆ ముళ్లు నాకు తెలుసు.
ఎనిమిదేళ్ల కిందట ఎవరో కుర్రాడి చేత
మూడొందలకే చేయించానని
సెక్షనంతా చెప్పుకు తిరిగినవి.
పోలినాయుడు ఏమీ అనలేదు.
ట్యూబు కోసి
సాక్ష్యం దాఖలు చేసినట్టు
నా చేతిలో పెట్టాడు.

గుమ్మంలో భూలక్ష్మి, పిల్లాణ్ణి చంకనేసుకుని.
ఎప్పట్నుంచి కారుతోంది?
"శివరాత్రి ముందర్నించీనమ్మా."
ఇది శ్రావణం.
గంటకోసారి గిన్నె పారబోసుకుంటూ,
రాత్రి రెండింటికోసారి లేస్తూ,
బియ్యం డబ్బా ఇటుకల మీదికెత్తుకుని...
"సెప్తే అద్దె పెంచుతారేటోనని."
ఆవిడ కూలి ఏ కాగితంలోనూ లేదు.

పని రెండోరోజు రెండింటికే అయిపోయింది.
అంటే ఒక పూట ఎక్కువ రాశాడా,
అని మళ్లీ మొదలెట్టింది నా బుర్ర.
దాని నోరు మూయించడానికి
కోసేసిన రెండొందలూ ఇచ్చేద్దామని పర్సు తీస్తే
యాభై నోట్లు మూడే ఉన్నాయి.
మూడూ ఇచ్చాను.
నా ఎదుటే లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.
ఎంత తక్కువో ఇద్దరికీ తెలుసు.

గోడ ఇంకా పచ్చిగానే ఉంది.
భూలక్ష్మి ఆ గిన్నె తోమి దొడ్లో ఎండకి పెట్టింది.
లోపల చుట్టూ తెల్లటి ఉప్పు గీత
ఆరునెలల నీటిమట్టం చూపిస్తూ.
చింతపండు పెట్టి రుద్దిందట,
పోలేదు.